అత్తయ్య కుట్టుమిషను తూకానికి ఇవ్వకు బావా

పాలకొల్లు,
ఆదివారం

బావా,

నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం అందింది. కవరు చింపగానే ఒళ్లో పడిన గుడ్డముక్కనే ముందు చూశాను, ఉత్తరం తరవాత చదివాను. పైవైపు కుట్టు తిన్నగానే ఉంది. తిరగేస్తే అడుగున దారమంతా తువ్వాలు మీద పోగుల్లా ఉచ్చులు ఉచ్చులుగా లేచి ఉంది. మధ్యలో రెండుచోట్ల కుట్టు పడకుండా అర అంగుళం మేర దారం ఊరికే సాగి ఉంది. చెల్లెమ్మ ఈ ముక్క పంపి చాలా మంచి పని చేసింది. మిషను ఎదురుగా లేకపోయినా కుట్టు చూస్తే సగం జబ్బు తెలిసిపోతుంది.

చూడ్డానికి వచ్చినాయన పైదారాన్ని పట్టి తిప్పే షటిల్ పోయిందన్నాడని, హెడ్డు, అంటే మిషను పైభాగమంతా మార్చాలి లేదా పాత ఇనుముకి వేసేయమన్నాడని రాశావు. నాకు ఆ మాటే మింగుడు పడలేదు. 1996 నవంబరు తుఫాను తరవాత కొబ్బరిచెట్లన్నీ నేలకూలి ఎవరికీ పనుల్లేనప్పుడు మీ ఇంట్లో పొయ్యి వెలిగింది ఆ మిషను మీదే కదరా. 2022 జూలైలో గోదావరి వరదకి మీ లంక మునిగినప్పుడు నడుంలోతు నీళ్లలో నిలబడి నువ్వే హెడ్డు విప్పి అటక ఎక్కించావు. అలాంటిదాన్ని తూకానికి ఇచ్చే ముందు నేను చెప్పినవి ఒక్క పూట కూర్చుని చేసి చూడండి. నాకైతే షటిల్ పోయిందని అస్సలు అనిపించట్లేదు.

ముందు ఆ ఉచ్చుల సంగతి. చిక్కు అడుగున కనపడుతోంది కాబట్టి తప్పు కింది దారం చుట్టిన బాబిన్‌దే అని అందరూ అనుకుంటారు, అది కూర్చునే బాబిన్ కేసు స్క్రూ తిప్పడం మొదలుపెడతారు. నిజానికి అడుగున ఉచ్చులు లేచాయంటే నూటికి తొంభైసార్లు తప్పు పైదారానిది. ఎలాగంటే, సూది కిందకి దిగినప్పుడు షటిల్ ముక్కు పైదారాన్ని ఉచ్చులా పట్టుకుని బాబిన్ చుట్టూ తిప్పి వదులుతుంది. వదిలిన ఆ ఉచ్చుని, ముందువైపు పైకీ కిందకీ ఆడే మీట ఉంది చూడు, అది పైకి లాగి బిగించాలి. పైన టెన్షన్ బిళ్లలు దారాన్ని గట్టిగా పట్టి ఉంచితేనే కింది ఉచ్చు పైకి వస్తుంది. బిళ్లల మధ్య దారం లేకపోతే మీట రీలులోంచి కొత్త దారం లాక్కుంటుంది, కింది ఉచ్చు కిందే ఉండిపోతుంది. కుట్టుకుట్టుకీ అలా మిగిలినదే నువ్వు పంపిన ముక్క మీద ఉన్న పోగు.

ఇప్పుడు చెల్లెమ్మని ఒక్క మాట అడుగు. దారం ఎక్కించేటప్పుడు గుడ్డని నొక్కిపట్టే ఫుట్ దించి ఉంచుతోందా, ఎత్తి ఉంచుతోందా? ఫుట్ దించితే బిళ్లలు బిగుసుకుంటాయి, దారం వాటి మధ్యకి దిగకుండా అంచు మీదే ఆగిపోతుంది. ఫుట్ ఎత్తితే బిళ్లలు వదులవుతాయి. కాబట్టి దారం ఎక్కించడం ఫుట్ ఎత్తి, కుట్టడం ఫుట్ దించి. సూదిలో ఎక్కించే ముందు ఫుట్ దించి దారం కొస లాగి చూడమను, బిగువు చేతికి తెలియాలి. రీలు జారినట్టు జారిపోతే మొత్తం తీసేసి మళ్లీ మొదటినుంచి ఎక్కించాలి. ఆ మీట కన్నంలో వెయ్యడం మర్చిపోయినా ఇదే చిక్కు వస్తుంది.

ఇక ఆ తప్పిన కుట్లు. దీని గురించి నీకు ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటి చెప్పాలి. నేను ఇక్కడ టైలరు మాస్టారి దగ్గర పనికి చేరిన కొత్తలో సంక్రాంతి ముందు నా మిషను ఇలాగే కుట్లు వదిలేసింది. మూడు రోజులు కనపడిన స్క్రూ అల్లా తిప్పాను. నాలుగో రోజుకి అసలు కుట్టే పడ్డం మానేసింది. మాస్టారు కత్తెర పక్కన పెట్టి వచ్చి, ఒక్క స్క్రూ కూడా ముట్టుకోకుండా సూది ఊడదీశారు. దాని మొనని తన బొటనవేలి గోరు మీద మెల్లగా గీశారు. గోరు మీద సన్నటి తెల్లగీత పడింది. "చూశావా, మొన తిరిగిపోయింది" అన్నారు. తరవాత గాజు అద్దం మీద సూది చదునువైపు ఆనించి కళ్లెత్తున పట్టుకున్నారు. మొన దగ్గర అద్దానికీ సూదికీ మధ్య సందు ఒకేలా లేదు, వంగింది. కొత్త సూది వేసి తొక్కమన్నారు. కుట్టు ముత్యాల్లా పడింది. నేను తిప్పిన స్క్రూలు సరిచెయ్యడానికి మాత్రం ఆయనకి ఆ పూటంతా పట్టింది. ఆరోజు నుంచి ఇప్పటిదాకా ఏ మిషను నా దగ్గరికి వచ్చినా ముందు సూది మార్చాకే మిగతా మాట.

అందుకే మంచి సూదుల పొట్లం ఒకటి కొను. జాకెట్టుకి లైనింగ్ వేసి కుడితే 14 నంబరు, పల్చటి పట్టు, షిఫాన్ అయితే 11, మందం గుడ్డకి 16, జీన్సుకి 18. పొట్లం మీద 14 పక్కనే 90 అని ఉంటుంది. అది సూది లావు, మిల్లీమీటరులో నూరో వంతుల లెక్కన, అంటే 0.9 మిల్లీమీటరు. కాడ ఒకవైపు చదునుగా ఉన్న సూదులే అడుగు. ఫ్యాక్టరీ మిషన్ల సూదులకి కాడ గుండ్రంగా ఉంటుంది, అవి మన మిషనుకి పనికిరావు. వేసేటప్పుడు సూదిని పైదాకా తోసి అప్పుడే స్క్రూ బిగించాలి. గోరంత కిందకి దిగి ఉన్నా షటిల్ ముక్కుకి దారం అందదు, కుట్టు తప్పుతుంది. సూదికి ఒకవైపు పొడుగునా గాడి ఉంటుంది, దారం ఆ వైపు నుంచే ఎక్కాలి. చదునువైపు షటిల్ ముక్కు తిరిగే వైపుకి ఉండాలి. తిరగేసి పెడితే కొత్త సూది అయినా ఒక్క కుట్టు పడదు.

సూది మార్చి, దారం మళ్లీ ఎక్కించాక పైన ఎర్రదారం, బాబిన్‌లో తెల్లదారం వేసి నాలుగు అంగుళాలు కుట్టమను. రెండు దారాలూ గుడ్డ మధ్యలో ముడిపడాలి, పైన ఎరుపే కనపడాలి, కింద తెలుపే కనపడాలి. కింద ఎర్రచుక్కలు కనపడితే పైబిగువు చాలలేదని, పైన తెల్లచుక్కలు వస్తే పైబిగువు ఎక్కువైందని. పైన టెన్షన్ మరని కొంచెం కొంచెంగా తిప్పుతూ చూడాలి, కుడివైపు తిప్పితే బిగుస్తుంది. బాబిన్ కేసు జోలికి చివర్లోనే వెళ్లాలి. దాన్ని దారం కొస పట్టుకుని వేలాడదియ్యి. దానంతట అది జారిపోకూడదు, చెయ్యి ఒక్కసారి విదిలిస్తే కాస్త దిగి ఆగాలి. అలా ఉంటే దాని స్క్రూ ముట్టుకోవద్దు. లేకపోతే పావు చుట్టు కన్నా తక్కువే తిప్పు.

ఆ కేసు మీద సన్నటి రేకు ఉంటుంది చూడు, దాని కింద ఒక్క దారప్పోగు ఇరుక్కున్నా బిగువంతా తారుమారవుతుంది. సన్న పిన్నుతో దాని కింద గీకి చూడు. షటిల్ తీసి కూడా చూడాలి. కొన్ని మిషన్లకి రెండు చిన్న మీటలు ఉంటాయి, కొన్నిటికి స్క్రూలు. అర్ధచంద్రంలా ఉండే ఆ ముక్క బయటికి తీస్తే అది తిరిగే గాడి కనపడుతుంది. పోయిన నెల ఒక పెళ్లి పనిలో నా మిషను బిగుసుకుపోతే ఆ గాడిలోంచి గోధుమగింజంత దూది ఉండ, ఒక చమ్కీ, విరిగిన సూది మొన బయటపడ్డాయి. గుడ్డని ముందుకి జరిపే పళ్ల మధ్య కూడా దూది దట్టించుకుపోయి గట్టిగా అట్టలా అవుతుంది. అప్పుడు గుడ్డ ముందుకి కదలదు, ఒకేచోట కుట్టు పడి ముడి అవుతుంది. పైపలక విప్పి పాత టూత్‌బ్రష్షుతో దులిపేస్తే చాలు. నోటితో ఊదకు, తడి తగిలి తుప్పు పడుతుంది.

నూనె సంగతి రాయకపోతే నాకు నిద్ర పట్టదు. మీ ఇంట్లో మిషనుకి కొబ్బరినూనె వేస్తారని నాకు తెలుసు. మన కోనసీమలో అన్నిటికీ అదే చేతికి అందుతుంది. కానీ మిషనుకి అది వద్దు బావా. కొన్నాళ్లకి బంకలా అయి కీళ్లన్నీ పట్టేస్తుంది, చలి రోజుల్లో గడ్డకడుతుంది కూడా. పొద్దున్నే మిషను బరువుగా తిరుగుతోందని నువ్వు రాసింది దానివల్లే అని నా నమ్మకం. కొంచెం కిరోసిన్ సంపాదించి, దారాలన్నీ తీసేసి, నూనె కన్నాల్లో రెండేసి చుక్కలు వేసి కాసేపు తొక్కండి. నల్లటి మడ్డి బయటికి వస్తుంది, గుడ్డతో తుడిచెయ్యండి. తరవాత నీళ్లలా పల్చగా ఉండే మిషన్ ఆయిల్ చుక్క చుక్క వెయ్యండి. కిరోసిన్ వేసి నూనె వెయ్యకుండా మాత్రం వదిలెయ్యకండి, ఇనుము ఇనుముతో రాసుకుని అరిగిపోతుంది. రాత్రంతా ఉంచి పొద్దున్న చిరుగుగుడ్డ మీద కుట్టి చూశాకే మంచి జాకెట్టు పెట్టాలి.

స్టాండు వరదనీళ్లలో నానింది కదా, పెడల్‌ని కింది చక్రానికి కలిపే కడ్డీ రెండు కొసల్లోనూ తుప్పు గీకి నూనె వెయ్యి. తోలుబెల్టు సాగి ఉంటుంది. అర అంగుళం కోసి క్లిప్పు మళ్లీ వెయ్యి, మరీ బిగించకు, తొక్కడానికి కాళ్లు లాగేస్తాయి. ఇంకోటి, చక్రం తిరుగుతూ సూది కదలకపోతే కంగారు పడొద్దని చెల్లెమ్మకి చెప్పు. బాబిన్ చుట్టేటప్పుడు వదులు చేసిన, చక్రం మధ్యలో ఉండే మరని మళ్లీ బిగించలేదంతే.

ఇవన్నీ చేశాక కూడా కుట్టు తప్పితే అప్పుడు షటిల్‌కీ సూదికీ సమయం తప్పిందనుకోవాలి. దాన్ని నువ్వు ముట్టుకోకు. వెనక రెండు స్క్రూలు వదులు చేస్తే హెడ్డు విడిగా వస్తుంది, నీకు అలవాటే. గోనెసంచిలో చుట్టి చించినాడ వంతెన మీదుగా బండి మీద తెచ్చెయ్యి. గంట పని, డబ్బు మాట ఎత్తావంటే ఊరుకోను. అదే రోజు ఇక్కడే భోంచేసి వెళ్దువుగాని.

ముందు మాత్రం ఎర్రదారం, తెల్లదారం వేసి కుట్టిన ముక్క ఒకటి కవర్లో పెట్టి పంపించమను. రెండువైపులా కనపడేలా మడత పెట్టకుండా.

నీ బావ