ఫౌండేషన్ సెట్ కొన్నవాళ్లకు: మీకు ఒక పుస్తకం బాకీ ఉన్నాను

నమస్కారం. సైన్స్ ఫిక్షన్ రచయిత ఐజాక్ అసిమోవ్ ఫౌండేషన్ నవలలు నాలుగింటిని మా దగ్గర సెట్‌గా కొన్నవాళ్లందరికీ ఈ మాట చెప్పాలి. ఆ సెట్ కట్టడంలో తప్పు చేశాను. మొదటి మూడు పుస్తకాల పక్కన ‘ఫౌండేషన్ అండ్ ఎర్త్’ పెట్టాను. వాటి మధ్య రావాల్సిన ‘ఫౌండేషన్స్ ఎడ్జ్’ అప్పుడు స్టాక్ లేదు. అది లేకపోయినా కథ అర్థమవుతుందని అడిగినవాళ్లకు చెప్పాను కూడా. అలా చెప్పకుండా ఉండాల్సింది.

మొదటి మూడూ 1951, 1952, 1953లో పుస్తకాలుగా వచ్చాయి. వాటిలో చాలా భాగం 1942 నుంచి పత్రికలో విడివిడిగా వచ్చిన కథలే. ఒక్కో కథకీ మనుషులు మారిపోతారు, మధ్యలో ఏళ్లకు ఏళ్లు గడిచిపోతాయి. అదే లెక్క తర్వాతి వాటికీ సరిపోతుందనుకున్నాను. కానీ దాదాపు 30 ఏళ్ల విరామం తర్వాత, 1982లో వచ్చిన ఎడ్జ్‌, 1986లో వచ్చిన ఎర్త్ కలిపి ఒకటే కథ. రెండింట్లోనూ ముఖ్యపాత్రలు అవే: అదే ట్రెవిజ్, అదే పెలోరట్, అదే బ్లిస్. ఎడ్జ్ చివర్లో ట్రెవిజ్ గెలాక్సీ మొత్తానికి సంబంధించిన నిర్ణయం తీసుకుంటాడు. అలా ఎందుకు చేశానా అని అతను మథనపడటంతోనే ఎర్త్ మొదలవుతుంది. నాలుగో పుస్తకం తెరిచిన ఒకావిడ “ఇంతకీ ఈయన ఏం చేశాడండీ?” అని మెసేజ్ పెట్టారు. చెబితే ఎడ్జ్ చదివే ఆనందం పోతుంది, చెప్పకపోతే ఆవిడ పుస్తకం ముందుకు సాగదు. నా తప్పు ఎంత పెద్దదో అప్పుడు తెలిసింది.

ఇంకో సంగతి. ఎర్త్‌లో, మనుషులంతా మరచిపోయిన భూమిని వెతుక్కుంటూ ఈ ముగ్గురూ సొలేరియా అనే గ్రహానికి వెళతారు. అది అసిమోవే 1957లో రాసిన రోబో నవల ‘ద నేకెడ్ సన్’లోది. ఒకరి ఎదుట ఒకరు కూర్చోవడమే భరించలేని మనుషుల లోకం. వేల ఏళ్ల తర్వాత ఆ అలవాటు వాళ్లను ఎక్కడికి తీసుకెళ్లిందో ఎర్త్‌లో కనిపిస్తుంది. ఈ నవలలో నాకు నిజంగా భయమేసిన భాగం అదే. రోబో నవలలు ముందే చదివి ఉండటం తప్పనిసరి కాదు కానీ, చదివితే ఎర్త్ చివరి పేజీలు చాలా బలంగా తాకుతాయి.

అసలు మూడింటితో ఆగిపోవచ్చా అని కొందరు అడిగారు. ఆగొచ్చు. ఎర్త్‌లో మాటలు ఎక్కువ. ట్రెవిజ్, బ్లిస్ వాదించుకునే పేజీలు కొన్నిచోట్ల సాగదీసినట్టే ఉంటాయి. అయినా నాకు ఈ పుస్తకమంటే చాలా ఇష్టం. తన నిర్ణయం సరైనదేనని లోపల నమ్మకం ఉన్నా, ఎందుకు సరైనదో తెలిసేదాకా ఊరుకోలేని మనిషి ట్రెవిజ్. ఆ పట్టుదల కోసమే మళ్లీ మళ్లీ చదువుతాను. కథాకాలంలో ఎర్త్ తర్వాతి భాగాన్ని అసిమోవ్ రాయలేదు. 1988లో వచ్చిన ఫౌండేషన్ నవలా, ఆయన పోయాక 1993లో వచ్చినదీ వెనక్కి, కథలో ఫౌండేషన్‌ను స్థాపించిన హారీ సెల్డన్ కాలానికి వెళతాయి.

ఎడ్జ్ ఇప్పుడు స్టాక్ వచ్చింది. సెట్ కొన్న ప్రతి ఒక్కరికీ ఒక కాపీ ఉచితంగా పంపుతున్నాను, పోస్టు ఖర్చు కూడా నాదే. ఎర్త్ వద్దనుకుంటే వెనక్కి పంపండి, డబ్బు ఇచ్చేస్తాను. ఇప్పటికే మొదలుపెట్టినవాళ్లు మాత్రం, ఎడ్జ్ మీ చేతికి అందేదాకా దయచేసి అక్కడే ఆపండి.