గేర్‌బాక్స్ ఆయిల్ వేరు, హౌసింగ్ ఆయిల్ వేరు

బిడ్డా,

"మెకానిక్ ఒకటే డబ్బా తెమ్మన్నాడు బాపూ, గేర్‌బాక్స్‌కూ వెనక ఇరుసు మధ్యనుండే హౌసింగ్‌కూ అదే పోస్తాడట" అని నిన్న ఫోన్‌లో అన్నావు. రాత్రి నిద్ర పట్టలేదు. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావని రాసి, అమ్మ పంపే పచ్చడి డబ్బాతో పెడుతున్నా. ఇది చదివాకే ఆయిల్ కొను.

డబ్బా మీద రెండు సంగతులుంటాయి. 80డబ్ల్యూ-90 అనేది చిక్కదనం. జీఎల్-4, జీఎల్-5 అనేది అందులో కలిపిన మందుకు సంబంధించింది. మనవాళ్లు "నైంటీ ఆయిల్ ఇవ్వు" అని మాత్రమే అడుగుతారు. నైంటీలో ఆ రెండు రకాలూ దొరుకుతాయి, పొరపాటు అక్కడే.

హౌసింగ్‌లో ఇంజిన్ వైపు నుంచి తిరిగే చిన్న పినియన్ పళ్లు, చక్రాలను తిప్పే పెద్ద క్రౌన్ పళ్ల మీద గట్టిగా ఒరుసుకుంటూ జారుతాయి. నువ్వు మిర్చి బస్తాలు నింపుకుని నర్సంపేట నుంచి ఏనుమాముల మార్కెట్‌కు పోతుంటే ఆ లోడును లాగేది ఆ పళ్లే. అక్కడ మామూలు ఆయిల్ పొర నిలవదు. అందుకే జీఎల్-5లో గంధకం, భాస్వరం మందు జీఎల్-4 కంటే దాదాపు రెట్టింపు వేస్తారు.

గేర్‌బాక్స్‌లో మాత్రం చాలా బండ్లకు ఇత్తడి సింక్రో రింగులుంటాయి. గేరు మార్చినప్పుడు ఆ రింగు, గేరుకు ఉండే కోన్‌ను (వాలుగా ఉండే అంచును) పట్టుకుని వేగం సమం చేయాలి. ఆయిల్ మరీ జారుడైతే పట్టు దొరకదు. కొన్ని జీఎల్-5 ఆయిళ్లలోని గంధకం వేడికి ఇత్తడిని తినేస్తుంది కూడా.

నా పాత వ్యానుకు ఇట్లే చూసుకోకుండా పోయించాను. కొన్ని నెలలకే రెండో గేరు గర్రుమంది. క్లచ్ అనుకుని ప్లేట్ మార్పించాను, తగ్గలేదు. చివరికి గేర్‌బాక్స్ విప్పితే రింగులు అరిగిపోయి ఉన్నాయి. ఆ ఏడు నీ కాలేజీ ఫీజు ఆలస్యమైంది అందుకే. అప్పుడు నీకు చెప్పలేకపోయాను.

బండితో వచ్చిన బుక్కు సీటు వెనకే ఉండాలి, తీసి చూడు. గేర్‌బాక్స్‌కు జీఎల్-4 అని ఉంటే అదే కొను. డబ్బా మీద రెండూ రాసి ఉన్నాయని షాపతను చూపించినా ఒప్పుకోకు. ఎండలు, లోడు అని హౌసింగ్‌లో ఇంకా చిక్కటి 140 ఆయిల్ పోద్దామంటే, అదీ బుక్కులో ఉంటేనే.

బండిని కాసేపు తిప్పి, ఆయిల్ వేడిగా ఉన్నప్పుడు దింపించు. ముందు పైన పోసే బోల్టు ఊడుతుందో లేదో చూడమను. అది ఊడకముందే కింద ఖాళీ చేస్తే బండి షెడ్డులోనే ఆగిపోతుంది. కింది బోల్టుకు అయస్కాంతం ఉంటే దానికి సన్నటి నల్లటి ముద్ద అంటుకోవడం మామూలే. ఇనుప ముక్కలు కనబడితే మాత్రం వెంటనే ఫోన్ చెయ్యి. ఆయిల్ పాలలా తెల్లగా వస్తే నీళ్లు చేరినట్టు. మొన్న వాగు దాటానన్నావు కదా, అందుకే నా టెన్షన్.

కొత్త ఆయిల్ పోసేటప్పుడు, పోసే బోల్టు రంధ్రం అంచుదాకే. ఎక్కువైతే సీలు దాటి వెనక బ్రేకుల్లోకి కారుతుంది. ఆ పని అయ్యేదాకా నువ్వు పక్కనే నిలబడు.

రెండు డబ్బాలకు పైసలు తక్కువైతే చెప్పు, పంపిస్తా.

నీ బాపు