ఆవకాయ సంగతి తరువాత

సంపాదకునికి,

మన ప్రాంతంలో పుట్టినవారు అమెరికాలో ఏ పదవికి ఎన్నికైనా వార్త ఒకే మూసలో వస్తోంది. తాతగారిది ఏ ఊరు, ఇంట్లో తెలుగు మాట్లాడతారా, ఆవకాయ తింటారా. హైదరాబాద్‌లో పుట్టిన అరుణా మిల్లర్ 2023లో మేరీలాండ్ రాష్ట్రానికి లెఫ్టినెంట్ గవర్నర్ (గవర్నరు తరువాతి పదవి) అయినప్పుడు నేను చదివిన వార్తల్లో ఎక్కువ భాగం ఈ ధోరణిలోనే నడిచాయి. ఆమె అంతకుముందు కౌంటీలో (మన జిల్లా వంటిది) రవాణా ఇంజనీరుగా పనిచేశారని, రెండు విడతలు శాసనసభ్యురాలిగా ఉన్నారని నేనే వెతుక్కుని తెలుసుకున్నాను.

నలభై ఏళ్లు బట్టల కొట్టు నడిపినవాణ్ని కాబట్టి మరో బట్టల వ్యాపారి సంగతి చెబుతాను. మోజెస్ అలెగ్జాండర్ 1853లో అప్పటి బవేరియా ఏలుబడిలోని, నేటి జర్మనీలోని ఒబ్రిగ్‌హైమ్‌లో యూదు కుటుంబంలో పుట్టాడు. మీసాలైనా రాని వయసులో అమెరికా చేరి, మిస్సోరి రాష్ట్రంలోని చిలికోతీలో బంధువుల బట్టల కొట్లో పనికి కుదిరాడు. కొన్నేళ్లకు అందులోనే వాటాదారు అయ్యాడు, 1887లో ఆ పట్టణానికి మేయరూ అయ్యాడు. 1891లో ఐడహో రాష్ట్ర రాజధాని బాయిసీకి తరలి మగవారి దుస్తుల దుకాణం పెట్టాడు. అక్కడా రెండుసార్లు మేయరు. 1908లో గవర్నరు పదవికి (అక్కడ అది మన ముఖ్యమంత్రి పదవిలాంటిది, ప్రజలే ఎన్నుకుంటారు) పోటీ చేసి ఓడి, 1914లో గెలిచాడు. యూదు మతాన్ని ఆచరిస్తూ అమెరికాలో ఒక రాష్ట్రానికి గవర్నరుగా ఎన్నికైన మొదటి మనిషి ఆయనే అంటారు. బాయిసీలో 1890లలో యూదు ప్రార్థనా మందిరం కట్టించినవారిలోనూ ఆయన ఒకడు.

ఈ ఎదుగుదలకు కారణం ఒబ్రిగ్‌హైమ్ మట్టిలో వెతికితే ఏం దొరుకుతుంది? గల్లాపెట్టె దగ్గర వెతికితే ఎంతో కొంత దొరకవచ్చు. అక్కడ కూర్చున్నవాడికి ఎవరి పంట చేతికొచ్చిందో, ఎవరింట పెళ్లి కుదిరిందో, పాత బాకీ తీర్చలేక ఎవరు పక్క సందులోంచి నడిచి వెళుతున్నారో అన్నీ తెలుస్తాయి. బాయిసీ ఖాతా పుస్తకాలు నేను చూడలేదనుకోండి.

గవర్నరుగా ఆయన చేసినవి నచ్చినా నచ్చకపోయినా చెప్పుకోదగ్గవి. 1916 మొదటి రోజు నుంచి రాష్ట్రమంతటా మద్యనిషేధం అమలైంది. పనిలో గాయపడిన కార్మికులకు పరిహారం ఇచ్చే చట్టం 1917లో వచ్చింది. రెండోసారి గెలుపు మాత్రం వెయ్యి ఓట్ల లోపు తేడాతోనే!

మన పత్రికలు అసలు తాకనిది మరొకటి ఉంది. తలుపు తీసిపెట్టిన చట్టం. 1790 నాటి చట్టం ప్రకారం వలస వచ్చినవారిలో 'తెల్లవారికే' పౌరసత్వం. 1870లో ఆఫ్రికా సంతతివారిని చేర్చారు. ఐరోపా యూదు తెల్లవారి లెక్కలోకే వచ్చాడు గనుక అలెగ్జాండర్‌కు ఓటూ, పోటీ చేసే వీలూ దక్కాయి. అదే ఐడహోలో వేల సంఖ్యలో ఉండిన చైనా వలసదారులకు ఆ వీలు లేదు. బహుభార్యత్వాన్ని బోధించే సంస్థలో తాము లేమని ఓటర్లు ప్రమాణం చేయాలంటూ 1885లో పెట్టిన నిబంధనతో మోర్మన్ మతస్థుల ఓటు హక్కును కూడా అక్కడ కొన్నేళ్లు లాగేసుకున్నారు. పక్కనే ఉన్న ఓరెగన్‌లో మన దేశస్థుడు భగత్ సింగ్ థింద్ ఏమయ్యాడు? మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన మనిషి. ఆయనకు 1920లో వచ్చిన పౌరసత్వం చెల్లదని, భారతీయులు ఆ చట్టం చెప్పే తెల్లవారు కారని 1923లో సుప్రీంకోర్టు తేల్చింది. భారతీయులకు ఆ తలుపు తెరుచుకున్నది 1946లో. అలెగ్జాండర్ కొట్టు పక్కనే మన చీరాల వర్తకుడొకడు అంతే తెలివితో దుకాణం నడిపి ఉన్నా, పౌరసత్వమే దక్కనివాడు గవర్నరు కుర్చీ దాకా ఎలా వెళ్లగలడు?

కనుక మీ విలేకరులకు నా విన్నపం ఇది. ఈసారి అలాంటి వార్త రాసేటప్పుడు ఆ పదవికి ఉన్న అధికారాలేమిటో, ఆ మనిషి ఏ బిల్లుకు ఓటు వేశారో, వారి కుటుంబం ఏ చట్టం కింద అక్కడ అడుగు పెట్టిందో ముందు రాయండి. స్థలం మిగిలితే ఆవకాయ సంగతి చివరి పేరాలో వేసుకోవచ్చు.

— ఒక విశ్రాంత వస్త్ర వ్యాపారి, చీరాల