2024 వార్షిక నివేదిక: రెండు హరికేన్లు, ఒక సదస్సు

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది, వేసవి పిక్నిక్ ఎప్పటిలాగే బాగా జరిగాయి. లెక్కలు కోశాధికారి విడిగా పంపారు. ఫ్లోరిడాలోని టాంపా బేలో ఉన్న మనకి ఈ ఏడాది అసలు కథ సెప్టెంబర్ 26న హెలీన్ హరికేన్‌తో మొదలైంది. అక్టోబర్ 9న మిల్టన్ వచ్చింది. దాంతో దసరా వేడుక రద్దు చేశాం. హాలు అడ్వాన్సు దీపావళికి సర్దారు.

ఆ రోజుల్లో మన వాట్సాప్ గ్రూపు నిండా రంగురంగుల మోడల్ గీతలే, అంటే తుపాను ఎటు వెళ్తుందో కంప్యూటర్ మోడళ్లు వేసిన అంచనా దారులే. ఒక్కొక్కరిదీ ఒక్కో గీత, టెన్షన్ మాత్రం అందరిదీ. అందుకే డిసెంబర్‌లో, వాతావరణ రంగంలో పనిచేసే మన సభ్యులొకరితో సదస్సు పెట్టాం. దానికి వచ్చినంత మంది మన సర్వసభ్య సమావేశానికి ఎన్నడూ రాలేదు!

ఆయన చెప్పింది ఇదీ. తుపాను ఎటు వెళ్తుందనేది ఇప్పుడు చాలావరకు ముందే తెలుస్తోంది. ఎంత బలంగా తీరం దాటుతుందనేదే ఇంకా కష్టం. మిల్టన్ అక్టోబర్ 6 మధ్యాహ్నం హరికేన్ అయింది. మర్నాటి రాత్రికల్లా గాలులు గంటకు 180 మైళ్లు. తీరం దగ్గరికొచ్చేసరికి పైగాలుల తేడా వల్ల ఐదు స్థాయిల్లో 3వ కేటగిరీకి దిగింది. ఈ పెరుగుదల, తరుగుదల తుపాను కన్ను చుట్టూ కొద్ది మైళ్లలోనే తేలిపోతాయి. ప్రపంచమంతా లెక్కగట్టే అమెరికా మోడల్ సుమారు 13 కిలోమీటర్ల గడులతో పనిచేస్తుంది, దానికి అంత సూక్ష్మం అందదు. అందుకని అమెరికా ప్రభుత్వ వాతావరణ, సముద్ర సంస్థ నోవా 2023లో హాఫ్స్ అనే కొత్త మోడల్ తెచ్చింది. ఇది తుపానుతోపాటే కదులుతూ సుమారు 2 కిలోమీటర్ల గడులతో లెక్కిస్తుంది. విమానాలు తుపానులోకి దూరి రాడార్‌తో కొలిచినవీ, పారాషూట్ పరికరాలు జారవిడిచి సేకరించినవీ దానికి అందుతాయి. మోడల్ ఎంత గొప్పదైనా మొదట ఇచ్చే కొలతలు సరిగ్గా లేకపోతే లాభం లేదని ఆయన గట్టిగానే అన్నారు.

ఉప్పెన సంగతి మరీ సున్నితం. హెలీన్ మనకి వంద మైళ్లకు పైగా దూరంలో, పెర్రీ దగ్గర తీరం దాటింది, అయినా నీళ్లు మన వీధుల్లోకి వచ్చాయి. మిల్టన్ మనకి దక్షిణాన, సియెస్టా కీ దగ్గర దాటింది కాబట్టి గాలి బే నీటిని బయటికి తోసింది. అదే కాస్త ఉత్తరంగా వచ్చి ఉంటే కథ వేరు. అందుకే తుపాను హెచ్చరికలిచ్చే నేషనల్ హరికేన్ సెంటర్ ఉప్పెనకి ఒక్క అంకె చెప్పి ఊరుకోదు. దారి, వేగం, బలం కొద్దికొద్దిగా మార్చి ఎన్నో ఊహా తుపాన్లు నడిపి, అవకాశాల రూపంలో చెబుతుంది. తుపాను కేంద్రం వెళ్లే అవకాశమున్న దారిని మ్యాపులో చూపే కోన్ బయట ఉన్నాం కదా అని నిశ్చింతగా కూర్చోకూడదని హెలీన్ చూపించింది.

కార్యవర్గం తీర్మానం: తుపాను రోజుల్లో గ్రూపులో విడి మోడల్ గీతలు పెట్టొద్దు. నేషనల్ హరికేన్ సెంటర్ ప్రకటన, కౌంటీ ఉత్తర్వు మాత్రమే పెడతాం. కొందరికి ఇది నచ్చలేదు, తెలుసు.

వచ్చే ఏడాది దసరా హాలు ఒప్పందంలో తుపాను షరతు రాయిస్తాం. జూన్ 1న సీజన్ మొదలవుతుంది. ఈలోగా మీ ఇంటి ఎవాక్యుయేషన్ జోన్ (ఖాళీ చేయించే ప్రాంతం) అక్షరం, కారు లేని పెద్దవాళ్ల వివరాలు కార్యదర్శికి పంపండి.