నెమలి రూపాయి వయసెంత?

రాజమండ్రి,
ఆదివారం

బావా,

నువ్వు పంపిన ఫొటోలు నిన్న రాత్రి పదింటికి చూడ్డం మొదలుపెట్టాను. లేచేసరికి మూడు దాటింది. మీ మామ్మగారి ట్రంకు పెట్టె అడుగున ఇన్నాళ్లూ ఇవి ఉన్నాయంటే నమ్మబుద్ధి కాలేదు. ఫోన్లో చెబితే సగం నీకు వినపడదు, మిగతా సగం నేను మర్చిపోతాను. అందుకే కాగితం మీద పెడుతున్నాను. నాణేలు పక్కన పెట్టుకుని, భూతద్దం చేతిలో పట్టుకుని చదువు.

ముందు నెమలి రూపాయి సంగతి. దుకాణంలో చూపిస్తే "ఇది 1214వ సంవత్సరంది, ఎనిమిది వందల ఏళ్ల నాటిది" అన్నారని రాశావు కదా. ఆ మనిషి అంకెలు సరిగానే చదివాడు. అవి ఏ శకం లెక్కో అడగలేదు, అంతే. నాణెం మీద అంకెలు కనపడగానే మనకి తెలిసిన క్రీస్తు శకంలో పెట్టి చదివేస్తాం. చాలామంది పొరబడేది అక్కడే.

పురి విప్పిన ఆ నెమలి బర్మా రాజచిహ్నం. చుట్టూ ఉన్న అక్షరాలు చూడగానే నాకు మన తెలుగే ఎక్కడో తప్పిపోయి అక్కడ తేలినట్టు అనిపించింది. అన్నీ గుండ్రాలే. తాటాకు మీద గంటంతో అడ్డంగా గీస్తే ఆకు చిరుగుతుంది కాబట్టే అక్షరాలు అలా గుండ్రంగా తిరిగాయని అంటారు. లిపిని బట్టి దేశం తేలిపోయింది. ఇక ఆ నాలుగు అంకెలు. మీ ఇంట్లో పాత పంచాంగం ఉంటే తీసి, తెలుగు అంకెలు ౧౨౧౪ అని పక్కన రాసి పోల్చి చూడు. బర్మా ఒకటి, రెండు మన ౧, ౨లకి దాయాదుల్లా ఉంటాయి. మొదటి అంకె, మూడో అంకె ఒకటే కావడం ఇంకో ఆనవాలు. చిన్నప్పుడు మా తాతయ్య పట్టుబట్టి తెలుగు అంకెలు నేర్పించకపోతే రాత్రి నేనూ పుస్తకాలు వెతుక్కోవాల్సి వచ్చేది.

బర్మా వాళ్ల శకం క్రీ.శ. 638లో మొదలవుతుంది. 1214కి 638 కలిపితే 1852. వాళ్ల కొత్త సంవత్సరం ఏప్రిల్‌లో వస్తుంది కాబట్టి 1852–53 అనుకో. మిండన్ రాజు 1853 ఫిబ్రవరిలో గద్దె ఎక్కాడు. ఆ ఏడాదే నాణెం మీద ఉంది.

ఇక్కడితో ఆగిపోతే నీ నాణెం వయసు 1852 అని రాసుకుంటావు. అదీ తప్పే! మిండన్ మాండలే నగరం కట్టింది 1857లో. అక్కడ యంత్రాలు తెప్పించి టంకశాల పెట్టింది 1865లో. అంటే నీ చేతిలో ఉన్న రూపాయి 1865కి ముందు పుట్టే వీలు లేదు. 1885లో ఇంగ్లీషు వాళ్లు మాండలేని పట్టుకుని, మిండన్ కొడుకు తీబా రాజుని దించేశారు కాబట్టి ఆ తర్వాతా పుట్టదు. ఆ ఇరవై ఏళ్లలో ఎప్పుడు కొట్టినా తేదీ మాత్రం రాజు గద్దెనెక్కిన సంవత్సరమే. నాణెం మీద తేదీ ఉందంటే ఆ ఏడాదే అచ్చయిందని నమ్మకూడదు బావా. ఈ ఒక్క మాట నీకు ఎక్కించడానికే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను.

ఇంకో సంగతి. రంగూన్ 1852 యుద్ధం నుంచే ఇంగ్లీషు వాళ్ల చేతిలో ఉంది. మీ ముత్తాత పనిచేసింది రంగూన్ రేవులో కదా, మరి రాజుగారి మాండలే రూపాయి ఆయన చేతికి ఎలా వచ్చింది? దానికి బరువే జవాబని నా ఊహ. మన తులం రూపాయి ఎంత తూగుతుందో నెమలి రూపాయీ అంతే తూగుతుంది, 11.66 గ్రాములు. అదే వెండి, అదే బరువు అయితే ఎవరి ముద్ర అయినా చెల్లిపోతుంది. కోరంగి రేవు నుంచి వెళ్లిన మనవాళ్లని అక్కడ "కొరంగీలు" అనే పిలిచేవాళ్లట. ఆ కొరంగీల కూలి డబ్బుల్లో నెమళ్లూ, విక్టోరియా రాణులూ కలిసే తిరిగి ఉంటారు. మీ కంసాలి దగ్గర త్రాసు ఉంటే ఒకసారి తూయించు. అరిగింది కాబట్టి కాస్త తగ్గొచ్చు. మరీ తొమ్మిది పది గ్రాములే ఉంటే మాత్రం నాకు అనుమానం.

ఇక ఎర్ర గుడ్డలో చుట్టి ఉన్నదని రాశావే, ఒకవైపు మందంగా, ముద్ర సగం బయటికి పోయి, పారశీక అక్షరాలున్న వెండి నాణెం. అది మన కథే. ఆర్కాటు రూపాయి. చిన్న తామరపువ్వు గుర్తు కనిపించిందా? మద్రాసులో ఈస్టిండియా కంపెనీ వాళ్లు కొట్టించిన దాని గుర్తు అది. దాని మీద హిజ్రీ 1172, మొగలు చక్రవర్తి రెండో ఆలంగీరు ఏలుబడి ఆరో ఏడు అని ఉంటుంది. 1172 హిజ్రీ అంటే 1758–59. ఆ చక్రవర్తి 1759లోనే హత్యకి గురయ్యాడు. కానీ కంపెనీ 1835 దాకా ఆయన పేరుతోనే, ఆ తేదీతోనే రూపాయలు కొడుతూ పోయింది. ఎందుకో తెలుసా? షరాబుల వట్టం, అంటే డబ్బు మార్చే వర్తకులు కోసుకునే తరుగు. ఆ రోజుల్లో కొత్త సంవత్సరం రూపాయికి పూర్తి విలువ కట్టేవాళ్లు. ఏడాది రెండేళ్లు గడిచిందంటే, అరిగినా అరక్కపోయినా పాతదని వట్టం కోసేవాళ్లు. పొలం అమ్ముకుని డబ్బు దాచుకున్న రైతుకి, దాచుకున్నందుకే నష్టం. కంపెనీ తేదీని ఒకచోట ఆపేసింది. పాతదేదో కొత్తదేదో తేదీని బట్టి చెప్పలేకపోతే వట్టం దేనికి కోస్తారు? బెంగాల్లోనూ షా ఆలం పంతొమ్మిదో ఏడు అని ఇలాగే ఆపేశారు. పన్ను వసూళ్లలో కంపెనీకి లాభమే ఉండొచ్చు. కానీ ఈ ఒక్క పనితో పల్లెటూరి మనిషికి కాస్త ఊరట దొరికిందని నాకనిపిస్తుంది.

అందుకే మద్రాసు వాళ్లది చూసి "1758 నాటి మొగలు నాణెం" అని ఎవరైనా అంటే ఆ తామరపువ్వు చూపించు.

హిజ్రీ లెక్క ఎలా చేయాలని అడిగావు. చాంద్రమానం కాబట్టి వాళ్ల సంవత్సరం 354 రోజులే. మన లెక్కలో 32 ఏళ్లు గడిచేసరికి వాళ్లకి 33 అయిపోతాయి. అందుకని ఉత్తి కూడికతో సరిపోదు. హిజ్రీ సంవత్సరాన్ని 0.97తో గుణించి 622 కలుపు. చెల్లెమ్మ వాళ్ల పుట్టింటి నుంచి వచ్చిన చార్మినార్ రూపాయి మీద 1337 ఉంది కదా, గుణిస్తే 1296.89. దానికి 622 కలిపితే 1919కి కాస్త తక్కువ. 1918–19. అక్షరాలు కుడి నుంచి ఎడమకి చదివినా, అంకెలు మాత్రం ఎడమ నుంచి కుడికే చదవాలి, మర్చిపోకు. ఆ చార్మినార్ గుమ్మంలోకి భూతద్దం పెట్టి చూడు, ఒక అక్షరం ఉంటుంది. "ఐన్" అయితే ఉస్మాన్ అలీ ఖాన్‌ది, "మీమ్" అయితే ఆయన తండ్రి మహబూబ్ అలీ ఖాన్‌ది. తేదీ అరిగిపోయినా ఆ గుమ్మం చాలు. హైదరాబాద్ నాణేలు చాలావాటి మీద విడిగా 92 అని కూడా ఉంటుంది. దాన్ని సంవత్సరం అనుకుంటారు కొందరు. అది ముహమ్మద్ అనే పేరులోని అక్షరాల విలువలు కూడితే వచ్చే సంఖ్య. నలభై, ఎనిమిది, నలభై, నాలుగు.

పెద్ద వెండి బిళ్ల, లావుపాటి రాణిగారు, 1780. బావా, దీన్ని చూసి నువ్వు సంబరపడ్డావని తెలుస్తోంది. నేనూ సంబరపడ్డాను, కానీ కారణం వేరు. ఆమె ఆస్ట్రియా మరియా థెరీసా. ఆమె చనిపోయింది 1780లో. ఆ తేదీ అలాగే ఉంచి ఇప్పటిదాకా కొడుతూనే ఉన్నారు. అరేబియా, ఇథియోపియా వర్తకులు ఈ ముఖం ఉన్న వెండినే నమ్మారు. రాణి భుజం మీది పిన్నులో ముత్యాలు లెక్కబెట్టి మరీ తీసుకునేవాళ్లట. వియన్నాలో మాత్రమే కాదు, లండన్‌లో, రోమ్‌లో, 1940ల మొదట్లో మన బొంబాయి టంకశాలలో కూడా ఇవి అచ్చయ్యాయి. నీ దగ్గరున్నది ఏ ఊరిదో రాణి పిన్నూ, వెనకవైపు గద్ద తోక ఈకలూ దగ్గరగా చూస్తేగానీ చెప్పలేం. నువ్వు పంపిన ఫొటోలో ఆ భాగం మీద ట్యూబులైటు మెరుపు పడింది. కిటికీ దగ్గర పక్క వెలుతురులో ఇంకొకటి తియ్యి. బరువు 28 గ్రాములు రావాలి.

విక్టోరియా రూపాయి మీద 1862 కూడా ఇలాంటిదే. ఆ తేదీతో 1874 దాకా కొట్టారు. బొంబాయివైతే తేదీ దగ్గర సన్న చుక్కలుంటాయి. వాటిని లెక్కబెట్టి ఏ ఏడాదో తేలుస్తారు. నీ దానికి నాలుగో ఐదో ఉన్నట్టున్నాయి, సరిగా కనపడలేదు.

చిల్లున్న పసుపు రంగు నాణెం మీ మేనల్లుడు తెచ్చిన జపాన్ ఐదు యెన్‌లే. వరి కంకి, పంటి చక్రం, నీళ్ల గీతలు ఉంటాయి. దాని మీద మనకి తెలిసిన అంకె ఒక్కటీ ఉండదు. సంవత్సరం కూడా వాళ్ల అక్షరాల్లోనే. ఒక గీత ఒకటి, రెండు గీతలు రెండు, కూడిక గుర్తులా ఉంటే పది. అంతకుముందున్న రెండక్షరాలు చక్రవర్తి కాలం పేరు. షోవా అయితే 1925 కలుపు, హెయిసే అయితే 1988, ఇప్పటి రేవా అయితే 2018. నీది షోవా 45, అంటే 1970. మనం ప్రభవ, విభవ అని పేర్లు పెట్టుకున్నట్టే వాళ్లదీ ఒక పద్ధతి. తేడా ఏంటంటే మనది అరవై ఏళ్లకి తిరిగొస్తుంది, వాళ్లది చక్రవర్తి మారితే మారుతుంది.

2500 పైన సంవత్సరం కనిపించిన నాణెం థాయిలాండ్‌ది. బుద్ధ శకం, 543 తీసెయ్. నేపాల్‌ది విక్రమ శకం, 57 తీసెయ్. మిగిలిన ఐదు రూపాయల బిళ్లల్లో తేదీ కింద నక్షత్రం ఉంటే అవి మన హైదరాబాద్ టంకశాలవి. పిల్లలకి ఇచ్చెయ్, వాళ్లు వెతుక్కుంటారు.

ఇప్పుడు నా ప్రాణం గిలగిలలాడిన మాట. ఉత్తరం చివర్న "చింతపండు పెట్టి తోమమంటావా" అని రాశావు. వద్దు బావా! చింతపండు వద్దు, విభూతి వద్దు, పళ్లపొడి వద్దు. ఏడో తరగతిలో మా తాతయ్య 1835 కంపెనీ కాణీని నేను చింతపండుతో తళతళలాడేలా తోమాను. నూట యాభై ఏళ్లు పట్టి రాగి మీద నిలిచిన ఆ గోధుమ రంగు పావుగంటలో పోయింది. మా తాతయ్య ఏమీ అనలేదు. చాలాసేపు అరచేతిలో పెట్టుకుని చూశాడు. ఆ చూపు ఇప్పటికీ గుర్తే. నాణేన్ని అంచులు పట్టుకుని తియ్యి, కాగితం కవర్లో పెట్టు. మెత్తటి పీవీసీ ప్లాస్టిక్ కవర్లు వాడకు, కొన్నేళ్లకి వాటి జిగురు పచ్చగా అంటుకుంటుంది. అయస్కాంతం దగ్గర పెట్టి చూడు, వెండిదైతే అతుక్కోదు.

అమెరికాలో మీ అబ్బాయికి రెండు పంపుతానన్నావు. నూరేళ్లు దాటిన నాణెం 1972 చట్టం ప్రకారం పురావస్తువు, దేశం దాటించకూడదు. అబ్బాయినే రమ్మను.

ఒక్కటి మాత్రం నాకు తేలలేదు. నెమలి రూపాయి పై అంచు మీద, నెమలి తలకి సరిగ్గా పైన, గరుకుగా మచ్చ ఉంది. ఫొటో పెద్దది చేసి చూశాను. అది టంకం పెట్టి పీకేసిన గుర్తు. కొక్కెం అతికించి మెళ్లో వేసుకున్నారన్నమాట. ఒక్కటే వేసుకున్నారా, రూపాయల దండ అంతటికీ ఇదొక్కటే మిగిలిందా? రంగూన్ నుంచి వచ్చేశాక మీ మామ్మగారు మిగతావి అమ్ముకుని ఉంటారా? యానాంలో మీ పెద్దత్తయ్యగారికి ఇంకా జ్ఞాపకం బాగానే ఉందన్నావు కదా. సంక్రాంతికి వెళ్తావుగా, ఆ నాణెం ఆవిడ చేతిలో పెట్టి అడుగు. ఏమన్నారో ఆ రోజే నాకు ఫోన్ చెయ్యి, ఎంత రాత్రయినా సరే.

చెల్లెమ్మని అడిగానని చెప్పు.

నీ
బావ