డెంప్‌స్టర్ హైవే ట్రిప్: ఆదివారంలోపు తేలాల్సినవి

అందరికీ నమస్కారం. కెనడా ఉత్తరాన ఉన్న ఈ హైవే మీదకి జూన్ చివర్లోనే వెళ్దాం. అప్పుడు హైవే చివరి ఊరు ఇనువిక్‌లో సూర్యుడు అస్తమించడు, చీకట్లో డ్రైవింగ్ టెన్షన్ ఉండదు. మే అన్నవాళ్లు ఆ మాట మర్చిపోండి. దారిలో వచ్చే పీల్, మెకెంజీ నదుల మీద వంతెనల్లేవు. వేసవిలో ఫెర్రీ, చలికాలంలో గడ్డకట్టిన నది మీదే రోడ్డు. ఆ మంచు కరిగే రోజుల్లో దారే ఉండదు.

మనం బయల్దేరే డాసన్ ఊరి దగ్గర్నుంచి ఇనువిక్‌కి 700 కిలోమీటర్ల పైనే, దాదాపు అంతా కంకర. సగం దారిలో, 369వ కిలోమీటరు దగ్గర ఈగిల్ ప్లెయిన్స్ అనే మజిలీ వచ్చేదాకా పెట్రోల్ దొరకదు, ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోవద్దు. కాబట్టి ట్యాంకు నింపుకుని, విడిగా క్యాన్లలో కూడా తీసుకెళ్దాం. బండికి రెండు స్పేర్ టైర్లు, అవీ ఫుల్‌సైజువి. ఇందులో బేరాల్లేవు. అద్దె బండి తెస్తానన్నవాళ్లు కంకర రోడ్డుకు అనుమతి ఉందో లేదో ముందే చదువుకోండి, చాలా కంపెనీలు ఒప్పుకోవు.

వదినగారూ, పులిహోర, ఆవకాయ తప్పకుండా తెండి. కానీ దారిలో టూంబ్‌స్టోన్ పార్కు క్యాంపులో అవేవీ టెంట్లో పెట్టొద్దు, ఎలుగుబంట్లు తిరిగే చోటు.

2017లో ఇనువిక్ నుంచి సముద్రం ఒడ్డునున్న టుక్టొయాక్టక్ ఊరి దాకా రోడ్డు పడింది కాబట్టి ఆర్కిటిక్ సముద్రం వరకూ వెళ్లొచ్చు. ఓపికుందా లేదా చెప్పండి. శాటిలైట్ ఫోన్ ఎవరి దగ్గరైనా ఉందా?