నానమ్మ జబ్బు గురించి నువ్వు అడిగినవి

తల్లీ,

నానమ్మకి అంగిలిలో వచ్చిన కేన్సర్ గురించి ఫోన్లో నువ్వు అడిగినవాటికి అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను. నానమ్మ పక్కనే కూర్చుని ఉంది, పైగా ఆస్పత్రిలో ఎప్పుడు పేరు పిలుస్తారోనని నా చెవి అటే ఉంది. ఇది అంటుకుంటుందా అన్నావు, యాభై ఏళ్లు చుట్ట కాల్చినా ఏమీ కానిది ఇప్పుడే ఎందుకొచ్చింది అన్నావు, చివర్లో గొంతు తగ్గించి నాకూ వస్తుందా నాన్నా అన్నావు చూడు, ఆ మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది. అందుకే ఇంత పొడుగు రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

అంటుకోదు. టీబీ, కలరా, జలుబు లాంటివాటికి బయటినుంచి వచ్చే క్రిమి ఒకటి ఉంటుంది, అది ఒకరి నుంచి ఇంకొకరికి దాటుతుంది. షుగర్, గుండెజబ్బు, పక్షవాతం, కేన్సర్ అలాంటివి కావు, ఆ మనిషి ఒంట్లోనే ఏళ్ల తరబడి జరిగిన మార్పులతో వచ్చేవి. మన దేశంలో ఇప్పుడు చనిపోయేవాళ్లలో సగం కంటే ఎక్కువమంది ఇలాంటి జబ్బులతోనే పోతున్నారు, మన భయాలు మాత్రం ఇంకా కలరా రోజుల్లోనే ఉన్నాయి. చూడ్డానికొచ్చిన బంధువులొకరు నానమ్మకి కంచం, గ్లాసు విడిగా పెట్టమన్నారు. అమ్మ ఒప్పుకోలేదు. రేడియేషన్ గురించి కూడా నీకు అనుమానం ఉన్నట్టుంది. నానమ్మకి ఇస్తున్న రేడియేషన్ బయట మిషన్లోంచి పడుతుంది, మిషన్ ఆపితే అయిపోయినట్టే, ఆవిడ ఒంట్లో మిగిలిపోయి మనకి తగిలేదేమీ ఉండదు. నువ్వు పక్కనే పడుకోవచ్చు, ఆవిడ గ్లాసుతోనే నీళ్లు తాగొచ్చు. నీకు జలుబో జ్వరమో ఉంటే మాత్రం తగ్గాకే రా, చికిత్సలో ఉన్న మనిషికి మన దగ్గర్నుంచి అంటుకుంటేనే ప్రమాదం.

వైరస్ వల్ల కేన్సర్ వస్తుందని నీ రూమ్మేట్ చదివిందన్నావు, అదీ అబద్ధం కాదు. గర్భాశయ ముఖద్వారంలో వచ్చేదానికి హెచ్‌పీవీ కారణం, లివర్ కేన్సర్లలో కొన్నిటికి హెపటైటిస్ బి కారణం. అక్కడ కూడా అంటుకునేది వైరస్సే గాని కేన్సర్ కాదు, ఆ రెండు వైరస్సులకీ టీకాలున్నాయి. హెచ్‌పీవీ టీకా సంగతి అమ్మతో మాట్లాడు, వాయిదా వెయ్యకు.

ఇక ఇప్పుడే ఎందుకొచ్చిందన్నది. నువ్వు కామర్స్ చదివినదానివి కాబట్టి మొదటినుంచీ చెప్తాను. మన ఒంట్లో 30 లక్షల కోట్లకు పైగా కణాలున్నాయి. నోటి లోపలి పొరలో ఉండేవి త్వరగా అరిగిపోతాయి, అడుగునుంచి కొత్తవి పుట్టుకొస్తూనే ఉంటాయి. ఒక కణం రెండు కావాలంటే అది ఎలా నడుచుకోవాలో రాసి ఉన్న దాని లోపలి డీఎన్‌ఏ అంతా, అంటే తల్లి నుంచి వచ్చిన 300 కోట్ల అక్షరాలూ తండ్రి నుంచి వచ్చిన 300 కోట్ల అక్షరాలూ మళ్లీ తయారవ్వాలి. అంత రాతలో తప్పులు పడకుండా ఉండవు. ఆ తప్పుల్ని సరిచేసే ఏర్పాటు కణంలోనే ఉంది, సరిచేయలేనంత పాడైతే ఆ కణం తనంతట తానే చచ్చిపోయే ఏర్పాటూ ఉంది, నువ్వూ నేనూ రోజూ అలాగే బతుకుతున్నాం.

ఆ రాతలో ఒక్కో ముక్కని జన్యువు అంటారు. కొన్ని జన్యువులు కణాన్ని పెరగమని తోస్తాయి, కొన్ని ఇక చాలని ఆపుతాయి, బండికి యాక్సిలరేటర్, బ్రేకు ఉన్నట్టు. తోసే జన్యువులో తప్పు పడితే ఆపేవి అడ్డుకుంటాయి. ఆపేవి సాధారణంగా ఒక్కొక్కటి రెండేసి ఉంటాయి, అమ్మ ఇచ్చింది ఒకటి, నాన్న ఇచ్చింది ఒకటి, ఒకటి చెడినా రెండోది కాపాడుతుంది. చిన్నపిల్లల కంట్లో వచ్చే ఒక కేన్సర్‌ని గమనించి 1971లో ఆల్ఫ్రెడ్ నుడ్‌సన్ అనే అమెరికా డాక్టరు రెండూ చెడితేనే జబ్బు వస్తుందన్న ఈ రెండు దెబ్బల సంగతి పట్టుకున్నాడు. ఆపేవాటిలో పీ53 అని ఒక ముఖ్యమైన జన్యువుంది, మనుషులకొచ్చే కేన్సర్లలో దాదాపు సగంలో అది చెడిపోయి కనిపిస్తుంది. అంటే ఒక్క తప్పుతో కేన్సర్ రావడం చాలా అరుదు, ఒకే కణం వంశంలో తప్పు మీద తప్పు చేరాలి, దానికి ఏళ్లూ పూళ్లూ పడుతుంది.

నానమ్మది అడ్డపొగ అని నీకు తెలుసు కదా. వెలిగించిన వైపే నోట్లో పెట్టుకుని పీల్చడం. శ్రీకాకుళం, విశాఖ తీరంలో ఆడవాళ్లకి అది తరతరాల అలవాటు, సముద్రపు గాలికి ఆరిపోదు, బూడిద రాలదు, చేతిలో పని చేతిలో ఉండగానే కాల్చుకోవచ్చు. పొగాకు పొగలో కేన్సర్ తెచ్చే పదార్థాలు సుమారు 70 ఉన్నాయి, వాటిలో కొన్ని నేరుగా డీఎన్‌ఏకే అతుక్కుని అక్షరాలు మార్చేస్తాయి. పైగా నిప్పు సెగ అంగిలికి తగులుతుంటే అక్కడి కణాలు చస్తుంటాయి, వాటి బదులు పుట్టేవి ఇంకా ఎక్కువసార్లు విభజించుకోవాలి, ఎంత ఎక్కువగా విభజించుకుంటే అన్ని తప్పులకు చోటు. ఎప్పుడో ఒక కణంలో మొదటి తప్పు పడింది, దాని పిల్లలన్నిటికీ ఆ తప్పు వచ్చింది, ఆ పిల్లల్లో ఒకదానికి రెండోది, మళ్లీ దాని పిల్లల్లో ఒకదానికి మూడోది. నువ్వనుకుంటున్నట్టు యాభై ఏళ్లూ ఏమీ కాకుండా ఉండలేదమ్మా, లోపల జరుగుతూనే ఉంది, మనకి కనబడలేదంతే. గట్టి అంగిలి మీద కేన్సర్ మిగతా చోట్ల అరుదు, మన వైపు ఈ ఆడవాళ్లలోనే ఎక్కువగా వస్తోందని డాక్టర్లు దశాబ్దాల కిందటే గమనించారు. అంతకు చాలా ముందు, 1775లోనే, పెర్సివాల్ పాట్ అనే లండన్ సర్జన్ చిన్నప్పుడు పొగగొట్టాలు శుభ్రం చేసిన మగపిల్లలకి పెద్దయ్యాక కేన్సర్ వస్తోందని, దానికి మసే కారణమని రాశాడు. మసి అంటిన వయసు ఒకటి, జబ్బు బయటపడిన వయసు ఇంకొకటి.

అలా పెరిగిన గుంపు తనకి కావలసిన రక్తనాళాలు తానే రప్పించుకుంటుంది, పక్క కండలోకి చొచ్చుకుపోతుంది, కొన్ని కణాలు విడిపోయి వేరే చోట దిగుతాయి. నానమ్మకి మెడలో ఒక గ్రంథి దాకా వచ్చింది, ఊపిరితిత్తుల్లో ఏమీ లేదని స్కానింగ్‌లో చెప్పారు.

నీకు వస్తుందా అంటే, ఆవిడ అంగిలి కణాల్లో పడ్డ తప్పులు అంగిలిలోనే ఉన్నాయి, అవి నాకు రాలేదు, నా నుంచి నీకు రావు. పుట్టుకతో వచ్చిన తప్పు వల్ల వచ్చే కేన్సర్లు మొత్తంలో 5 నుంచి 10 శాతం, దగ్గరి చుట్టాల్లో ఇద్దరు ముగ్గురికి చిన్న వయసులోనే రొమ్ము కేన్సరో పేగు కేన్సరో వచ్చిన ఇళ్లలో అది చూసుకోవాలి. మన ఇంట్లో అలా లేదు. సిగరెట్, గుట్కా వద్దని నీకు వేరే చెప్పక్కర్లేదు, కానీ పెళ్లిళ్లలో సరదాగా నమిలే వక్కపొడి కూడా వద్దు, పొగాకు కలవని వట్టి వక్క కూడా కేన్సర్ తెస్తుందని తేలింది.

ఇంకొకటి, నానమ్మ దగ్గర ఆ చుట్ట మాట ఎత్తకు. పద్నాలుగేళ్ల పిల్లకి వాళ్లమ్మ నేర్పింది, వీధిలో ఆడవాళ్లందరూ కాల్చేవాళ్లే. చేసుకున్నదానికి అనుభవిస్తున్నానని ఆవిడే అంటోంది, అది వింటే నాకు కడుపులో తిప్పేస్తుంది. మా అమ్మ ఏ పాపమూ చెయ్యలేదు.

ఇక్కడ అడయార్ కేన్సర్ ఆస్పత్రిలో చికిత్స బాగానే నడుస్తోంది. డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి గారు సొంత చెల్లెలు కేన్సర్‌తో పోయాక పట్టుబట్టి 1954లో పెట్టించిన ఆస్పత్రి ఇది. నెల్లూరు నుంచీ చిత్తూరు నుంచీ వచ్చినవాళ్లతో వరండాలో సగం మాటలు తెలుగులోనే వినబడతాయి. బ్లడ్ కేన్సర్ ఉన్న చిన్నపిల్లలు కూడా వస్తారు, వాళ్లకిచ్చే మందుల్లో మెథోట్రెక్సేట్ ఒకటి. ఆ రకం మందుల వెనక మన భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారున్నారు, ఈ ఊళ్లోనే మద్రాస్ మెడికల్ కాలేజీలో చదివారు. డీఎన్‌ఏ తయారవ్వడానికి ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్ కావాలి, దాన్ని అడ్డుకుంటే జోరుగా పెరిగే కణాలు ఆగిపోతాయి, అదీ ఆ మందు పని. ఇలాంటి మందులిచ్చే కీమోలో చాలామందికి జుట్టు ఊడేది, నోరు పూసేది కూడా అందుకే, అవీ జోరుగా పెరిగే కణాలే కదా. రేడియేషన్ వల్ల నానమ్మ నోరు కూడా ఇప్పుడు బాగా పూసింది, కారం తగలకూడదు, చోడి జావ చల్లార్చి పోస్తున్నాం.

నువ్వు వచ్చేలోపు ఒక పని చేసిపెట్టు. ఊళ్లో అత్తకి కూడా అడ్డపొగే. నేను చెప్తే నవ్వి ఊరుకుంటుంది, నీ మాటంటే తనకి ప్రాణం. టార్చి వేసి అంగిలి చూసుకోమను. తెల్లటి మచ్చ గాని, ఎర్రటి మచ్చ గాని, రెండు మూడు వారాలైనా మానని పుండు గాని ఉంటే వెంటనే శ్రీకాకుళం తీసుకెళ్లమని బావకి చెప్పు, ఆ దశలో దొరికితే చిన్న చికిత్సతో పోవచ్చు. ఏమీ కనబడకపోయినా పళ్ల డాక్టరుకి ఒకసారి చూపించమను, చుట్ట ఇప్పుడు మానేసినా లాభమేనని, మానేసినవాళ్లలో ఆ మచ్చలు తగ్గిన సందర్భాలున్నాయని చెప్పు. ఆదివారం ఉదయం చెయ్యి, ఆ టైముకి ఇంట్లోనే ఉంటుంది.

నాన్న
చెన్నై